ఉచితంగా వచ్చిన మాయకోట... మీ పిల్లలకు తగినదేనా?

సాయంత్రం ఆరున్నర. కుక్కరు మూడో కూత వేసింది. ఒక పొయ్యి మీద పోపు మాడేలా ఉంది. వెనకనించి అబ్బాయి "అమ్మా, ఫోన్ ఒక్క పది నిమిషాలు ఇవ్వవా?" అని కొంగు పట్టుకున్నాడు. మీ చేతులేమో తడి. ఇప్పుడు వాడితో వాదన పెట్టుకునే ఓపిక లేదు. "సరే తీసుకో, పది నిమిషాలే!" అనేస్తారు. మీరనే ఏముంది, అందరమూ అలాగే అనేస్తాం. ఆ పది నిమిషాలు అన్నాలకు పిలిచేదాకా సాగుతాయి. "ఏం చేస్తున్నావురా అంతసేపు?" అంటే, "ఆట అమ్మా... ఫ్రీ ఆటే!" అంటాడు. ఫ్రీ అన్నాడు కదా, ఇక మనకి బెంగేమిటి!

ఆ 'ఫ్రీ' అనే మాట గురించే ఈ వారం నాలుగు మాటలు చెప్పుకుందాం.

నిరుడు మా చెల్లెలింట్లో జరిగిన సంగతి చెబుతాను. వాళ్ళుండేది కంకిపాడు పక్కన. మరిది రోజూ బెజవాడ ఆటోనగర్‌కి పనికి వెళ్ళివస్తాడు. వాళ్ళబ్బాయికి పదకొండేళ్ళు. నెమ్మదైన పిల్లాడు, చదువులోనూ ఫరవాలేదు. ఒకరోజు చీటీ డబ్బు కట్టాలని మా చెల్లెలు ఫోన్‌లో ఖాతా చూసుకుంటే ఆరువేల మూడువందలు తక్కువున్నాయి. బ్యాంకు మోసగాళ్ళ పనేమోనని దానికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. తీరా మెసేజీలు వెనక్కి తిప్పి చూస్తే 89 రూపాయలు, 159 రూపాయలు, 449 రూపాయలు... రెండు నెలల్లో ఇరవై రెండుసార్లు. ఒక్కటీ కంటికి ఆనేంత మొత్తం కాదు. అన్నీ ఒకే ఆటకి వెళ్ళాయి. ఆట పేరు ఇక్కడ అవసరం లేదు లెండి, అలాంటివి వందలున్నాయి.

రహస్య నంబరు వాడికెలా తెలిసిందంటారా? మనమే చెబుతాం! "ఒరే, పాలప్యాకెట్టు తీసుకురా, స్కాన్ చేసి కట్టేసెయ్" అని ఫోన్ చేతికిచ్చి పంపేది మనమే కదా. మా చెల్లెలూ అదే చేసింది. వాడు దొంగతనంగా నేర్చుకున్నదేం లేదు.

ఆ రాత్రి ఇంట్లో జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. తండ్రి చెయ్యెత్తాడు. నాయనమ్మ "ఆ రాక్షసుల ఆటలాడితే బుద్ధులూ అలాగే అఘోరిస్తాయి" అంది. పిల్లాడు ఒక్క మాటా మాట్లాడకుండా చెప్పులైనా వేసుకోకుండా బయటకు పోయాడు. చీకటి పడ్డాక టార్చిలైట్లు పట్టుకుని ఊరంతా వెతికితే కాలవగట్టు మీద కూర్చుని ఉన్నాడు. నీళ్ళు నిండుగా పారుతున్న రోజులవి. అంతకుమించి నేను చెప్పక్కర్లేదు. ఫోన్ దగ్గర తిట్టారని పిల్లలు చేసుకున్న అఘాయిత్యాలు పేపర్లలో మీరూ చదువుతూనే ఉన్నారు. అందుకే మొదటే చెబుతున్నాను: పోయిన డబ్బు గురించి పిల్లాడితో మాట్లాడటం మర్నాడు పెట్టుకోండి. ఆ రాత్రి మాత్రం అన్నం పెట్టి పడుకోబెట్టండి.

రాక్షసులది తప్పు కాదు

నాయనమ్మ మాట నేను ఒప్పుకోలేదు. మాంత్రికులూ రాక్షసులూ పిల్లల్ని చెడగొట్టేటట్టయితే మన తరాలన్నీ ఎప్పుడో చెడిపోయి ఉండాలి! తెనాలి మనిషి చక్రపాణి, నాగిరెడ్డితో కలిసి 1947లో 'చందమామ' మొదలుపెట్టినప్పటినించీ మనం తిన్నది ఆ తిండే కదూ. దాసరి సుబ్రహ్మణ్యం రాసిన 'తోకచుక్క', 'మకర దేవత', 'రాకాసిలోయ' సీరియళ్ళు దీపం పెట్టుకుని చదివినవాళ్ళే ఇవాళ తాతలయ్యారు. 1951లో 'పాతాళభైరవి'లో నేపాళ మాంత్రికుణ్ణి చూసి జడుసుకున్నవాళ్ళూ, 1957లో 'మాయాబజార్' ఘటోత్కచుణ్ణి చూసి పొట్ట చెక్కలయ్యేలా నవ్వినవాళ్ళూ బుద్ధిగానే పెరిగారు. అద్భుతాలంటే పిల్లలకి ఇష్టం. ఉండాలి కూడా.

తేడా ఎక్కడుందంటే... చందమామలో సీరియల్ మంచి పట్టులో ఆగి "ఇంకా ఉంది" అనేది. నెల్లాళ్ళు ఎదురు చూసేవాళ్ళం. అంతేగానీ, "ఎనభై తొమ్మిది రూపాయలు పారెయ్, మిగతా కథ ఇప్పుడే చెబుతాను" అని ఎవరూ అనలేదు. ఈ ఆటలు అంటాయి. పైగా కథకి ఒక ముగింపు ఉంటుంది. మాంత్రికుడు చస్తాడు, రాజకుమారి పెళ్ళవుతుంది, పుస్తకం మూసేసి పడుకుంటాం. ఈ ఆటల్లో మాంత్రికుడు ఎప్పటికీ చావడు. చచ్చిపోతే మర్నాడు మీవాడు ఫోన్ తెరవడు కదా!

రెండు వారాలు నేనూ ఆడాను

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. ఆటల విషయంలో అది కుదరదు. మొదటి అరగంట ఏ ఆటయినా కమ్మగానే ఉంటుంది. అందుకని నేనే ఒకటి దించుకుని రెండు వారాలు ఆడాను. నవ్వకండి, ఒకరోజు పప్పు కూడా మాడింది.

నేను ఎంచుకున్నది 'క్లాష్ ఆఫ్ క్లాన్స్'. ఫిన్లాండ్‌లో 'సూపర్‌సెల్' అనే కంపెనీ తయారు చేసింది. ఆపిల్ ఫోన్లలోకి 2012లో, మనలాంటివాళ్ళు వాడే ఆండ్రాయిడ్ ఫోన్లలోకి 2013లో వచ్చింది. పదేళ్ళు దాటినా పిల్లలు వదల్లేదు. సంగతేమిటంటే, మీకొక చిన్న ఊరు ఇస్తారు. బంగారు గనులు తవ్వుకోవాలి, మంత్రజలం పోగుచెయ్యాలి, గోడలు కట్టాలి, ఫిరంగులు పెట్టాలి. పచ్చమీసాల వీరులూ, విల్లుకాళ్ళూ, మాంత్రికులూ, డ్రాగన్లూ మీ సైన్యం. వాళ్ళని తీసుకెళ్ళి ఇంకొకరి ఊరిమీద పడి దోచుకోవాలి. మనం ఫోన్ మూసి పెట్టి వంట చేసుకుంటున్నా ఇంకొకళ్ళు మన ఊరిమీద పడవచ్చు. నెత్తురు మాత్రం కనపడదు. అంతా బొమ్మల వ్యవహారమే.

బాగుందా అంటే బాగుంది. అబద్ధం ఆడను. గోడ ఎక్కడ కట్టాలి, ముందు ఏది పెంచాలి, ఉన్న బంగారం దేనికి ఖర్చుపెట్టాలి అని ఆలోచించాలి. ఇంటి ఖర్చు నడిపే ఆడవాళ్ళకి చేతికొచ్చిన విద్యే! మా చెల్లెలి కొడుకు లెక్కలు చెయ్యనంటాడు గానీ ఇందులో ఎన్ని గంటలకి ఎంత బంగారం పోగవుతుందో నోటికి చెప్పేస్తాడు.

మరి మెలిక ఎక్కడుంది? పచ్చగా మెరిసే మణుల్లో ఉంది. ఆటలో పడగానే కొన్ని మణులు మన చేతిలో పెడతారు. చెట్లూ రాళ్ళూ తొలగిస్తే ఇంకొన్ని దొరుకుతాయి. మొదట్లో ఇల్లు కట్టడానికి నిమిషాలు చాలు. ఊరు పెరిగినకొద్దీ ఒక్కో కట్టడానికి గంటలు, ఆపైన రోజులు పడతాయి. పెద్ద ఊళ్ళకైతే వారం దాటుతుంది కూడా. మేస్త్రీలు మొదట ఇద్దరే ఉంటారు, మూడోవాడు కావాలంటే మణులు పొయ్యాలి. పని వెంటనే పూర్తి కావాలన్నా మణులే. ఆ మణులు అయిపోతే అసలు రూపాయలు పెట్టి కొనుక్కోవాలి. చూశారా! వాళ్ళు అమ్మేది కత్తీ కాదు, కోటా కాదు, ఎదురుచూపు తప్పించటం. ముందు ఎదురుచూపు తయారుచేస్తారు, తరవాత దానికి విరుగుడు అమ్ముతారు. పెద్దవాళ్ళం మనకే ఉగ్గబట్టుకోవడం కష్టం. పదకొండేళ్ళవాడి మాట చెప్పాలా?

ఇక్కడ కంపెనీని తిట్టేముందు ఒక మాట. ఈ ఆట దించుకునే పేజీలోనే, "కొన్ని వస్తువులు డబ్బిచ్చి కొనవచ్చు, వద్దనుకుంటే తాళం పెట్టుకోండి", "పదమూడేళ్ళు నిండినవాళ్ళే ఆడాలి" అనే అర్థం వచ్చేట్టు వాళ్ళే రాసి పెట్టారు. చదివినవాళ్ళెందరు? పదమూడు అని వాళ్ళే అంటుంటే తొమ్మిదేళ్ళవాడికి మనం ఎందుకిస్తున్నట్టు?

ఇంకో సంగతి ముఠాలు. ఇందులో ఒక్కో ముఠాలో యాభైమంది దాకా ఉంటారు, ఒకళ్ళకొకళ్ళు మాటలు రాసుకుంటారు. ఆ యాభైమందిలో మీవాడి క్లాసు పిల్లలు నలుగురుంటే మిగతా వాళ్ళెవరో మీకూ తెలీదు, వాడికీ తెలీదు. వీధిలో కొత్త మనిషి పిల్లాడితో మాట్లాడుతుంటే గేటు దగ్గరికొచ్చి నిలబడతామా లేదా? ఇదీ అంతే. ముఠాలో చేరకుండా కూడా చాలావరకు ఆడవచ్చు. చేరితే బళ్ళో స్నేహితులే ఉన్న ముఠాలో చేరమనండి.

మొత్తానికి నా లెక్క ఇదీ. పదమూడు దాటిన పిల్లలకి, డబ్బు దారి మూసేసి, రోజుకి అరగంటయితే ఈ ఆట ఫరవాలేదు. అంతకంటే చిన్నవాళ్ళకి వద్దు. మీరు పక్కన కూర్చుని మీ ఫోన్‌లో ఆడిస్తానంటే అది మీ ఇష్టం.

సంక్రాంతి బరి పక్కన గుండాట

దీనికంటే నాకు భయం కలిగించే రకం ఇంకొకటుంది. మణులు పెట్టి ఒక మూసిన పెట్టె కొంటారు. లోపల ఏముందో తెలీదు. గొప్ప వీరుడు రావచ్చు, పనికిమాలిన చెక్కకత్తి రావచ్చు. మన కృష్ణా జిల్లావాళ్ళకి దీన్ని విడమరచి చెప్పాలా? సంక్రాంతికి కోడిపందాల బరి పక్కన గుండాట పెట్టేవాళ్ళని చూశాం కదా. "ఈసారి తప్పకుండా పడుతుంది" అనుకుంటూ పండగ ఖర్చుకి దాచిన డబ్బంతా అక్కడ పోసినవాళ్ళనీ చూశాం. అక్కడికి పిల్లాణ్ణి పంపుతామా? మరి అదే గుండాట రంగులేసుకుని ఇంట్లోకొస్తే "ఫ్రీ ఆటే" అంటున్నాం.

'గెన్షిన్ ఇంపాక్ట్' అని ఒకటుంది. 2020లో వచ్చింది. సినిమాకి తీసిపోని బొమ్మలు, కొండలు, కోటలు, రెక్కలు కట్టుకుని ఎగరటం. చూడ్డానికి కళ్ళు చాలవు. అందులో గొప్ప వీరుడు దొరికే అవకాశం ఒక్కో తీతకి నూటికి 0.6 మాత్రమే. తొంభైసార్లు తీస్తే ఒకటి ఖాయంగా ఇస్తారు. అదీ మీరు కోరుకున్నవాడే అవ్వాలని లేదు. 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వ వ్యాపార పర్యవేక్షణ సంస్థ పెట్టిన కేసులో ఈ కంపెనీ రెండు కోట్ల డాలర్లు కట్టడానికీ, పదహారేళ్ళలోపు పిల్లలకి తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఆ పెట్టెలు అమ్మకుండా ఉండటానికీ ఒప్పుకుంది. బెల్జియం అయితే 2018లోనే, డబ్బిచ్చి కొనే అలాంటి పెట్టెలు జూదమేనని తేల్చేసింది. ఈ అలవాటు పుట్టిన జపాన్‌లో కూడా, ముక్కలన్నీ పోగేస్తేనే బహుమతి ఇచ్చే రకాన్ని 2012లో ఆపేయించారు.

మనదగ్గరో? 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఫోన్‌లో ఆడే రమ్మీ, పోకర్ లాంటివాటిని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ ఒక చట్టం చేసింది. అయితే ఆ చట్టం గురి పెట్టింది డబ్బు పెట్టి డబ్బు గెలుచుకునే ఆటలమీద. మీవాడు కొన్న మణులకి తిరిగి పైసా రాదు, పోవడమే తప్ప. కాబట్టి మణుల ఆటలకి ఆ చట్టం అడ్డుపడుతుందని మనం చేతులు ముడుచుకు కూర్చోలేం.

గూగుల్ వాళ్ళ ప్లేస్టోర్‌లో 2019 నించీ ఒక నియమం ఉంది. ఇలా మూసిన పెట్టెలు అమ్మితే, ఏది ఎంత శాతం వస్తుందో కొనేముందు చూపించాలి. కనక ఆటలో శాతాల పట్టిక కనబడిందంటే దాని వెనక గుండాట ఉన్నట్టే. అది చూడగానే నేనైతే తీసేస్తాను. పదహారేళ్ళ వాడయినా సరే.

తాళం ఎక్కడ వెయ్యాలి?

ముందు దించుకునే పేజీ చూడండి. 'ఇన్‌స్టాల్' అన్న మీట దగ్గరే చిన్న అక్షరాల్లో 'యాప్‌లో కొనుగోళ్ళు ఉన్నాయి' అన్న అర్థం వచ్చే మాట ఉంటుంది. ఏ వయసు వాళ్ళకో 3, 7, 12, 16, 18 అంకెల్లో ఒకటి ఉంటుంది. ఆ అంకె ఎక్కువగా బొమ్మల్లో కొట్లాట ఎంతుందో, మాటలెలా ఉన్నాయో చెబుతుంది గానీ మీ పర్సు సంగతి చెప్పదు. 7 అని ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండకండి.

తరవాత ప్లేస్టోర్‌లో కుడివైపు పైన మీ బొమ్మ నొక్కి సెట్టింగుల్లోకి వెళితే, ప్రతి కొనుగోలుకీ రహస్యపదం అడిగేట్టు పెట్టుకునే వీలుంది. ఇది పెట్టడానికి రెండు నిమిషాలు చాలు. అక్కడ బ్యాంకు ఖాతా, కార్డు ఏదైనా తగిలించి ఉంటే తీసెయ్యండి. పిల్లాడికి విడిగా ఫోన్ ఉంటే గూగుల్ వాళ్ళదే 'ఫ్యామిలీ లింక్' అని ఉచితంగా దొరుకుతుంది. దాంతో వాడు ఏం దించుకోవాలన్నా మీ ఫోన్‌కి అడుగుతుంది, ఎంతసేపు వాడాలో కూడా మీరే పెట్టవచ్చు.

యు.పి.ఐ. పిన్ ఇవాళే మార్చండి. పిల్లల పుట్టినరోజు మాత్రం పెట్టకండి తల్లీ, వాళ్ళు మొదట కొట్టి చూసేది అదే! పాలకీ, కొత్తిమీరకీ పంపేటప్పుడు పాతకాలంలో లాగా చిల్లర ఇచ్చి పంపండి. ఇంకొక దొడ్డిదారి కూడా ఉంది. ప్లేస్టోర్‌లో వాడుకునే కోడ్‌లు డబ్బిచ్చి కొనుక్కోవచ్చు. చుట్టాలు చేతిలో పెట్టిన యాభైలూ వందలూ పోగేసి పిల్లలు అవి కొనుక్కుంటారు. మా చెల్లెలి కొడుకు ఈ సంగతి చెప్పేదాకా నాకూ తెలీదు.

డబ్బు పోయిందని తెలిసిన వెంటనే అదే ప్లేస్టోర్‌లో, కొన్న 48 గంటల లోపు, తిరిగివ్వమని అడగండి. మా చెల్లెలికి చివరి 449 రూపాయలు అలాగే వెనక్కి వచ్చాయి. మిగతావి గడువు దాటిపోయాయి.

ఇక పిల్లవాడు ఆటకి బానిస అయ్యాడా అన్న బెంగ. రెండు గంటలు ఆడాడని ఆ పేరు పెట్టెయ్యకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఒప్పుకుని 2022 నించి అమల్లో పెట్టిన జబ్బుల జాబితాలో ఆటల రుగ్మత కూడా చేరింది నిజమే. కానీ దానికి వాళ్ళు చెప్పిన గుర్తులు గట్టివి. ఆపుదామన్నా ఆపలేకపోవటం, తిండీ చదువూ స్నేహితులూ అన్నిటికంటే ఆటే ముందు కావటం, నష్టం కనపడుతున్నా వదల్లేకపోవటం... ఇవి మామూలుగా ఏడాదిపాటు సాగితే అప్పుడు దాన్ని జబ్బు అంటారు. అంతదాకా ఆగమని నేను చెప్పటం లేదు. నిద్ర పాడయినా, ఫోన్ తీసుకుంటే వస్తువులు విసిరేస్తున్నా, లేక మీకే ఏమీ తోచకపోయినా 14416కి ఫోన్ చెయ్యండి. అది ప్రభుత్వం వాళ్ళ 'టెలి మానస్'. పగలూ రాత్రీ పలుకుతుంది, డబ్బు అడగరు, తెలుగులో మాట్లాడతారు. బెంగుళూరు నిమ్‌హాన్స్‌లో అయితే 2014 నించీ ఫోన్, ఆటల అలవాటుకోసం విడిగా ఒక క్లినిక్కే నడుపుతున్నారు.

ఫోన్ లాక్కుని బీరువాలో పెడితే సరిపోదా అంటారు కొందరు. మా చెల్లెలూ పెట్టింది. మూడోరోజు పక్కింటి వాళ్ళబ్బాయి ఫోన్‌లో మొదలైంది. బదులుగా నేను ఉత్సాహంగా మా అమ్మమ్మ నాటి వామనగుంటల పీట, చింతగింజలు పట్టుకెళ్ళాను. నిజం చెప్పాలంటే ఇరవై నిమిషాలు ఆడాడు, ఆవలించాడు. గోళీలూ కర్రాబిళ్ళా అంటూ మనం పాతరోజులు తలుచుకోవటం మనకి బాగుంటుంది గానీ వాళ్ళ స్నేహితులందరూ ఆ కోటల్లోనే ఉన్నారు.

చివరికి తండ్రీ కొడుకూ కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చారు. ఆ ఇరవై రెండు మెసేజీలూ వాడిచేతే కాగితం మీద రాయించి కూడించాడు మరిది. ఆరువేల మూడువందలు తన జీతంలో ఎన్ని రోజులో కూడా వాణ్ణే లెక్క కట్టమన్నాడు. చెయ్యెత్తలేదు. వాడు ఏడ్చాడు. పాత ఆట తనే తీసేశాడు. ఆ నెల చీటీ నేను సర్దాను.

వాడికి పదమూడు రాలేదు కనక క్లాష్ ఆఫ్ క్లాన్స్ వాడి చేతికి ఇవ్వలేదు. అయితే ఆదివారాలు మా ఇంటికి వచ్చినప్పుడు నా ఫోన్‌లో, నా పక్కనే కూర్చుని అరగంట చూస్తాడు. నిబంధన ప్రకారం ఇది కూడా తప్పేనని ఎవరైనా అంటే నేను కాదనలేను. మొన్న వచ్చినప్పుడు కూర తరుగుతున్న నా దగ్గరికి ఫోన్ పట్టుకొచ్చి, "ఏం పెద్దమ్మా, నెలనించీ తెరవలేదా? ఊరంతా చెట్లు మొలిచిపోయాయి!" అన్నాడు. చెట్లు కొట్టేస్తే మణులొస్తాయి కదరా, నువ్వే కొట్టు అన్నాను. వంకాయలు తరగటం అయ్యేలోపు పదకొండు మణులు పోగేశాడు. వాటితో ఏం చేద్దామని అడిగితే, "ఇప్పుడేమీ వద్దు, దాచుకుందాం. మూడో మేస్త్రీకి చాలా కావాలి" అన్నాడు.